రంగమునుండి వచ్చిన చీనా కెట్లీలు

లోకమున ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యసనము. కొందరు తపాలా బిళ్ళలు కూర్తురు. కొందరు పాత నాణెములకై సంతలన్నియు తిరుగుదురు. మాకు పట్టినది మట్టి టీపాత్రల వ్యసనము. అవి చీనాదేశమున చేసినవి, ఎఱ్ఱనివియు, ఊదావన్నెవియు, కొమ్ము, చెవి, మూత కలిగి, అరచేత ఇముడునంతటి చిన్నవి. మా యింట చిన్ననాటినుండియు వీనిని ‘చీనా కెట్లీ’లని పిలుచుచున్నాము. కెట్లీ యన్నది మన ఒడియా ఇరుగుపొరుగువారి నోట విని నేర్చిన మాట. ఈ వ్యాసమందును ఆ మాటనే వాడుదుము.

ఈ సంచికకు ఏదైన వ్రాయుడని కోరినప్పుడు మేము ఈ విషయమును చెప్పగా మిత్రులు కొందరు నవ్విరి. “బరంపురమున పట్టు కలదు, ఊరగాయలు, అప్పడములు కలవు, ఠాకురాణీ జాతర కలదు. ఇన్ని యుండగా చీనావాని కెట్లీకిని మన తెలుగువారి సంస్కృతికిని సంబంధమేమి?” అనిరి. ప్రశ్న న్యాయమైనదే. సంబంధము కలదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. తరువాత 35 సంవత్సరములు ఒక కార్యాలయమున గుమాస్తాగా కాగితములను వరుసపెట్టి, ఆవర్జాలు వ్రాసి, విశ్రాంతి పొందితిమి. కావున పురాతత్త్వవేత్తలవలె మాట్లాడుట మాకు చేతకాదు. చూచినది, విన్నది, చదివినది వరుసగా చెప్పగలము.

ముందుగా ఈ పాత్ర పుట్టుపూర్వోత్తరములు. చీనాదేశమున జియాంగ్సు రాష్ట్రమునందు తాయ్ హూ అను పెద్ద సరస్సునకు పడమటి ప్రక్క యీషింగ్ అను ఊరు కలదు. అచ్చటి కొండలలో దొరకు ఒక విధమైన మట్టిని వారు ‘ఊదా ఇసుక’ అను అర్థము వచ్చునట్లు జిషా అందురు. పేరు ఊదాయే యైనను, అందు ఇటుకవంటి ఎఱుపు, పసుపు, కపిలవర్ణము మున్నగు భేదములు కలవు. ఈ మట్టితో చేసిన పాత్రకు గాజుపూత పూయరు. సుమారు 1100 నుండి 1200 డిగ్రీల వేడిలో కాల్చిన తరువాత అది రాయివలె గట్టిపడును. అయినను దాని ఒడలియందు కంటికి కానరాని సూక్ష్మరంధ్రములు మిగిలియుండును.

మన కుమ్మరి సారెపై పెట్టి కుండను లాగును. యీషింగ్ పనివాడు అట్లు చేయడు. మట్టిని చిన్న చెక్కతో తట్టి తట్టి పలుచని పలకగా చేసి, ఆ పలకను గుండ్రముగా వంచి, అంచులను కలిపి, మరల చెక్కతో తట్టుచు కడుపు తీర్చును. కొమ్మును, చెవిని వేరుగా చేసి అతికించును. కావున మంచి పాత కెట్లీలోనికి వెలుతురు పట్టి చూచినచో, చెవి యున్న వైపున లోపలి గోడపై నిలువుగా ఒక సన్నని అతుకుగీత అగపడును. సారెపై తీసిన పాత్రలో చుట్లు చుట్లుగా వ్రేళ్ళ గుర్తులుండును. ఈ ఒక్క భేదము తెలిసికొనుటకు మాకు రెండు సంవత్సరములు పట్టినది.

ఈ పాత్ర పుట్టుటకు కారణము కూడ చిత్రమైనదే. పూర్వము చీనావారు టీ ఆకును ముద్దలుగా ఒత్తి, పొడిచేసి త్రాగెడివారు. మింగు వంశపు మొదటి చక్రవర్తి 1391లో ముద్దల టీని కప్పముగా పంపవలదని ఆజ్ఞ వేసెను. అప్పటినుండి విడి ఆకును వేడినీట నానవేసి త్రాగు అలవాటు ప్రబలెను. నానవేయుటకు పాత్ర కావలెను గదా! 16వ శతాబ్ది ఆరంభమున గోంగ్ చున్ అను వాడు తొలి కెట్లీని చేసెనని వారి ఐతిహ్యము. అతడు రాజు కాడు, పండితుడు కాడు. ఒక పండితుని వెంట దేవాలయమునకు పోయిన నౌకరు. అచ్చట ఒక సన్న్యాసి మట్టిపని చేయుచుండగా చూచి నేర్చెనట. యజమానుల పేర్లు మరుగుపడి నౌకరు పేరు నిలిచిన సందర్భములు లోకమున అరుదు. గుమాస్తాలమైన మాకు ఈ కథ మిక్కిలి ప్రీతి.

తరువాత ఈ పాత్రలు టీతోపాటు ఓడలెక్కి ఐరోపాకు పోయినవి. 17వ శతాబ్ది చివర ఇంగ్లండునందు ఎలర్స్ సోదరులు వీనిని చూచి ఎఱ్ఱమట్టి కెట్లీలు చేసిరి. జర్మనీలో బోట్గర్ అనునాతడు 1708 ప్రాంతమున తెల్లని పింగాణి రహస్యము కనుగొను ప్రయత్నములో ఎఱ్ఱని మట్టిపాత్రనే ముందు సాధించెను. ఇట్లు దేశదేశములు తిరిగిన పాత్ర మన గంజాంనకు వచ్చుటలో వింత లేదు. అయితే మనకు అది దొరల బల్లలమీదుగా రాలేదు. కూలివాని మూటలో వచ్చినది. అదియే మన విశేషము.

గంజాం తీరమునకు చీనా మట్టి క్రొత్త కాదు. చిలుకకు సముద్రము కలియు చోట నున్న మాణికపట్నమున పురావస్తుశాఖవారు త్రవ్వగా చీనా పింగాణి పెంకులు బయటపడినవి. మన పెద్దలు ఊరగాయ పెట్టుకొను జాడీల సంగతియు ఇట్టిదే. హిందీవారు ఊరగాయ జాడీని మర్తబాన్ అందురు. ఆ పేరు బర్మాలోని మర్తబాన్ రేవునుండి వచ్చినది. 14వ శతాబ్దియందు దేశములు తిరిగిన ఇబ్న్ బటూటా తనకు ఒక రాజకుమార్తె అల్లము, మిరియము, నిమ్మ, మామిడి ఉప్పువేసి ఊరవేసిన పెద్ద పెద్ద మర్తబానులు బహూకరించినట్లు వ్రాసెను. బరంపురమువారమైన మనకు ఇంతకంటె అర్థమగు బహుమానము వేరొకటి యుండునా?

ఇక రంగముమాట. రంగూనును మన ప్రాంతమున రంగము అనియే యందురు. గోపాలపురము రేవునకు నేటి తరము సముద్రస్నానమునకును, వేరుసెనగకాయలు తినుటకును పోవుచున్నది. ఒకప్పుడు అది వేలమంది బ్రతుకుదారి. బ్రిటిషు ఇండియా స్టీము నావిగేషను కంపెనీవారి ఓడలు తీరమునకు దూరముగా నిలుచుండెడివి. జనులు మసూలా పడవలలో కెరటములు దాటి పోయి ఓడనెక్కెడివారు. బారువ, కళింగపట్నము, భీమునిపట్నములనుండియు ఇట్లే పోయిరి. రంగము ఓడరేవులో బస్తాలు మోయుట, వరిమిల్లులలో పని, రిక్షాలు లాగుట, కొందరికి మేస్త్రీగిరి. అక్కడివారు తెలుగువారిని కోరంగి రేవు పేరిట ‘కొరంగీ’లనిరి. 1931 జనాభా లెక్కలలో రంగూనున 4 లక్షలమంది యుండగా, అందు సగమునకు మించి భారతీయులే.

ఆ నగరమున స్ట్రాండు రోడ్డు నదివెంట పోవును. ఓడరేవు కూలీల పని ఆ వైపుననే. ఆ రోడ్డుపైననే లాథా పేటయొద్ద ఫూకియెన్ చీనావారి పెద్ద దేవాలయము కలదు. దాని చుట్టుప్రక్కల చీనావారి అంగళ్ళు. ఫూకియెన్ వారికి చిన్న ఎఱ్ఱ కెట్లీ లేనిదే టీ లేదు. మనవారు బస్తా దింపి నడుము నిలుపుకొను చోటికి అరఫర్లాంగు దూరమున చీనావాడు కెట్లీ ముందు పెట్టుకొని కూర్చుండెడివాడు. వేరు వివరణ ఏల? కొన్నవి కొందరు, బహుమతిగా పొందినవి కొందరు, ముక్కు విరిగినదని పారవేయగా ఏరుకొనినవి కొందరు.

మేము చూచిన కెట్లీలలో ఒక్కటియైనను ఈ ప్రాంతమున టీ కొరకు వాడబడలేదు. ఇది మాకు మొదట ఆశ్చర్యము కలిగించినది. మన టీ పాలు, చక్కెర, పొడి కలిపి గిన్నెలో మరిగించునది. చీనా కెట్లీలో పట్టునది రెండు గుక్కలు. కావున మన ఆడువారు దానికి వేరు ఉద్యోగములిచ్చిరి. మా తాతగారు తెచ్చినది మా నాయనమ్మ దేవునిగదిలో దీపమునకు నూనె పోయు పాత్రయైనది. బిజీపూర్ వైపు ఒక ఇంట ఆముదము. పెద్ద బజారులో ఒక ఇంట సూదులు, బొత్తాములు. ఛత్రపురమున ఒక ఇంట పసిబిడ్డలకు పాలు పట్టు ఉగ్గుగిన్నె. ఒక ఇంట తులసికోటకు నీరు పోయుటకు. మరియొక ఇంట పెద్దాయన కషాయము. ప్రతి కెట్లీయును తన వృత్తి మానుకొని ఇంటికి తగిన వృత్తి నేర్చుకొన్నది. వలసపోయిన మనుష్యుడును ఇంతియే గదా!

మేము మొదట చేరదీసినది మా నాయనమ్మగారి నూనె కెట్లీని. 1990 ప్రాంతమున ఇల్లు పంచుకొన్నప్పుడు ఇత్తడి, రాగి అన్నదమ్ములు తూచి పంచుకొనిరి. మట్టికి తూకము లేదు గనుక అది మాకు మిగిలెను. తరువాత ఒక మిత్రుని ఇంట అట్టిదే చూచితిమి. వారు దానిని పాతసామానువానికి స్టీలు గరిటెకు మార్పిడిగా ఇవ్వబోవుచుండిరి. మేము స్టీలు గరిటె కొనియిచ్చి కెట్లీ తెచ్చుకొంటిమి. ఇట్లు 30 సంవత్సరములలో 9 కెట్లీలు గంజాం జిల్లా ఇండ్లనుండి చేరినవి. రెండు కలకత్తాలో కొంటిమి. మొత్తము 11.

కలకత్తా ప్రసంగము వచ్చినది గనుక చెప్పుదుము. అచ్చట టిరెట్టా బజారులో చీనావారు తరతరములుగా కాపురమున్నారు. మేము కెట్లీల అడుగున నున్న ముద్రలపై పలుచని కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చులు తీసికొని అచ్చటికి పోతిమి. ఒక వృద్ధుడైన అంగడివాడు కండ్లద్దములు సవరించుకొని వానిని చదివెను. ఒక దానిపై ‘చీనా దేశము, యీషింగ్’ అని మాత్రమే కలదట. అది 1950ల తరువాత అచ్చటి పనివారు సహకార సంఘముగా, పిదప కర్మాగారముగా కూడి ఎగుమతికి చేసిన రకము. మరి రెండింటిపై హుయీ మెంగ్ చెన్ అను 17వ శతాబ్ది శిల్పి పేరు కలదు. మేము సంతోషముతో ఉబ్బితిమి. వృద్ధుడు నవ్వి, ఆ శిల్పి పేరు మూడువందల ఏండ్లుగా వేలకొలది పాత్రలపై పడుచున్నదనియు, పేరు మంచిది గనుక పనివారందరు వాడుకొనిరనియు హిందీలో చెప్పెను. మన దేశమున ఊరు పేరు లేని చాటుపద్యమెల్ల శ్రీనాథుని ఖాతాలో పడుటలేదా? అట్టిదే ఇదియును.

మంచి కెట్లీని పరీక్షించు తీరును ఆయనయే చూపెను. నీరు నింపి, మూతపై నున్న చిన్న రంధ్రమును వ్రేలితో మూసి వంచినచో కొమ్మునుండి ధార నిలిచిపోవలెను. వ్రేలు తీసిన మరల పారవలెను. మూత అంత బిగువుగా అమరిన దన్నమాట. మూత తీసి బోర్లించినచో కొమ్ము కొన, మూతి అంచు, చెవి పైభాగము మూడును ఒక మట్టమున బల్లకు తాకవలెను. అన్ని రకములకును ఇది పట్టదు గాని, చిన్న గుండ్రని కెట్లీలకు పట్టును. మా తొమ్మిదింటిలో ఐదు ఈ పరీక్షలకు నిలిచినవి.

వీనిని కాపాడుటకు మేలైన ఉపాయము ఏమియు చేయకుండుటయే. చింతపండు, బూడిద, సబ్బు తగులరాదు. గాజుపూత లేని మట్టి సబ్బును త్రాగును. తరువాత దానిని విడువదు. వేడినీటితో కడిగి, మూత తీసి నీడన ఆరనీయవలెను. చీనావారు ఒక కెట్లీలో ఒకే జాతి టీ పోయుదురు. ఏండ్లు గడచుకొలది ఆ టీ సారము మట్టికి పట్టి, ఒడలికి చేతితాకిడివలన మెల్లని మెఱుగు వచ్చును. మేము ఒకమారు కలకత్తా కెట్లీలో డార్జిలింగు ఆకు వేసి, పాలు లేకుండ మా ఇల్లాలికి ఇచ్చితిమి. ఆమె ఒక గుక్క త్రాగి, “ఎవరికి జ్వరం?” అని అడిగినది. అప్పటినుండి ఆ సేవ మేము ఒంటరిగానే చేసికొనుచున్నాము.

ఇంతవరకు చెప్పినది పాత్ర సంగతి. ఇక మేము కూర్చునది నిజముగా ఏమి యన్న సంగతి.

గుమాస్తా బుద్ధి పోదు గనుక మొదటినుండియు ఒక రిజిస్టరు పెట్టితిమి. కెట్లీకి ఒక పుట. అందు ఎత్తు, మట్టి రంగు, ముద్ర, విరుపులు; ఏ వీథి, ఏ ఇల్లు; రంగము పోయినవారెవరు, ఏ యేట పోయిరి, ఏ పని చేసిరి, ఏ యేట తిరిగివచ్చిరి; ఇచ్చట ఆ కెట్లీలో ఏమి పోసిరి; అది వారి నోటి మాటలలోనే. ఆ తొమ్మిది పుటలు వరుసగా చదివినచో మన గంజాం తెలుగువారి చరిత్ర కొంత కనబడును. ఒక పుటలో 1930 మే నెలనాటి ఓడరేవు అల్లరులు కలవు. బర్మావారికిని తెలుగు కూలీలకును పోరు జరిగి అనేకులు చచ్చిరి. రెండు పుటలలో 1964 తరువాతి రాక కలదు. 1962లో సైన్యము రాజ్యమునకు వచ్చి, 1964లో అంగళ్ళను జాతీయము చేసి, పెద్ద నోట్లను చెల్లవనగా, లక్షలమంది భారతీయులు వట్టిచేతులతో ఓడలెక్కిరి. విశాఖపట్నమున బర్మా క్యాంపు అను పేట ఇప్పటికిని ఉన్నది. రేవులో తనిఖీవేళ నగలన్నియు పోయినవని ఒక ఇంటి పెద్దాయన చెప్పుచు, “బంగారం పట్టుకున్నారు గానీ బాబూ, మట్టికుండని ఎవడు పట్టుకుంటాడు? అందుకే ఇదొక్కటీ మిగిలింది” అనెను. ఆ వాక్యము ఆ పుటలో అట్లే యున్నది.

అన్నింటిలో 7వ పుట వేరు. దానిని గూర్చి కొంత విపులముగా చెప్పక తప్పదు.

ఆ కెట్లీ మాకు 2009లో ఒక వృద్ధురాలి చేతిమీదుగా వచ్చెను. మా వీథివారందరు ఆమెను మామ్మగారనియే పిలుతురు. ఆమె రంగముననే పుట్టినది. తండ్రి ఓడరేవున మేస్త్రీ. 1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసిననాటికి ఆమెకు 12 ఏండ్లు. ఓడలలో చోటు దొరకక, తల్లి, తండ్రి, ఆమె, నాలుగేండ్ల తమ్ముడు ప్రోమునుండి టాంగప్ కనుమదారిని కొండలెక్కి నడచిరి. అచ్చటినుండి పడవలో అక్యాబు, అచ్చటినుండి చిట్టగాంగు. ఆ దారిలో నీరు లేదు. ఉన్నచోట కలరా యున్నది. నడచుచున్నవారిలో తెలుగువారు ఎందరో.

“మా అమ్మ ఈ కెట్లీతోనే కొలిచేది బాబూ. పూటకి మనిషికొక కెట్లీ. అంతకంటే ఇచ్చేది కాదు. నాన్న అడిగినా ఇచ్చేది కాదు” అని మామ్మగారు చెప్పినది. తమ్ముడు కనుమలోనే పోయెను. తల్లి తన వంతు కెట్లీ నీటిని ఆ కొమ్ముతోనే వాని నోట పోసినదట. కొమ్ము కొన విరిగినది కూడ ఆనాడే. ఇచ్చటికి వచ్చిన తరువాత ఆ తల్లి బ్రతికినన్నాళ్ళు ప్రతి సంవత్సరము ఆ పిల్లవాని పేరున కెట్లీడు నీరు తులసికోటలో పోసెను. ఆమె తరువాత మామ్మగారు పోసిరి. “నా తరవాత ఎవరూ పొయ్యరు. మీరు రాసుకుంటారు గదా, మీ దగ్గిరుండనీండి” అని మా చేతిలో పెట్టినది. ఆమె 2014లో కాలము చేసెను.

2022లో ఆమె మనుమడు వచ్చెను. హైదరాబాదున ఉద్యోగము. మంచి కుఱ్ఱవాడు, మర్యాదగా మాట్లాడెను. చీనా కెట్లీలకు లోకమున గొప్ప వెల కలదని ఎచ్చటనో చూచినాడు. ఆ మాట అబద్ధమును కాదు. గూ జింగ్‌జౌ అను యీషింగ్ శిల్పి చేసిన కెట్లీ 2010లో బీజింగు వేలములో కోటి యువాన్లకు పైగా పలికెను. “అంకుల్, అది మా ఇంటి వస్తువు గదా” అనెను.

మా ఇల్లాలును, మిత్రులును ఇవ్వవలదనిరి. “ఆమె తన చేతితో ఇచ్చినది; రిజిస్టరులో తేదీ కలదు, సాక్షులు కలరు; వీడు నాయనమ్మను బ్రతికియుండగా ఎన్నిమార్లు చూచినాడు?” అని వారి వాదము. కార్యాలయపు న్యాయముచొప్పున ఆ వాదము సరియైనదే. మామ్మగారి మాటయు మాకు చెవిలో మ్రోగుచున్నది. అయితే ఆమె మాకిచ్చుటకు కారణము, తరువాత నీరు పోయువారెవరును లేరని. ఇప్పుడు ఆమె రక్తము వాడు తలుపుకడ నిలిచియున్నాడు, కారణమేదైనను. మాకు రాత్రి నిదుర పట్టలేదు.

మరునాడు వానిని పిలిచి, “కెట్లీ ఇత్తుము. అయితే ముందు ఈ పుట చదువుము” అని రిజిస్టరు ముందు పెట్టితిమి. వాడు పుటను చూచి, మమ్ము చూచి, మెల్లగా “నాకు తెలుగు చదవటం రాదు అంకుల్. మాట్లాడతాను గానీ” అనెను. ఇంగ్లీషు, హిందీ, ఒడియా మూడును చదువగలడు. బరంపురమున పుట్టి పెరిగిన పిల్లలలో ఇట్టివారు ఎందరు లేరు! వాని తప్పనుట తేలిక. బడి యేది, చెప్పువారెవరు అని అడిగినచో మనము తలవంచుకొనవలసి వచ్చును.

అప్పుడు మేమే చదివితిమి. నీటి కొలత వచ్చిన చోట వాడు ఫోను తీసి, “మళ్ళీ మొదటినుంచి చదవండి, రికార్డు చేసుకుంటాను” అనెను. మరల చదివితిమి. తన తాత తమ్ముడా, నాయనమ్మ తమ్ముడా అని వరుస అడిగి తెలిసికొనెను. అట్టి పిల్లవాడొకడు తన వంశమున ఉండెనని వానికి ఆనాటివరకు తెలియదు. పోవునప్పుడు ఆ పుటకు నకలు కావలెనని అడిగెను. తెలుగు నకలు వానికి ఏమి ప్రయోజనము? కావున రెండు సాయంకాలములు కూర్చుండి, మామ్మగారి తెలుగు మాటలను మాట పోకుండ ఒడియా అక్షరములలో వ్రాసియిచ్చితిమి. వాడు తడుముకొనుచు తానే పైకి చదువగా, మా ఇంటిలో మామ్మగారి కంఠమే వినబడినట్లుండెను. కెట్లీని గుడ్డలో చుట్టి తీసికొనిపోయెను. కొమ్ము విరిగిన కెట్లీకి వేలములో ఏమి వెల వచ్చునో మాకు తెలిసినంతలో చెప్పియే పంపితిమి. తరువాత దానిని ఏమి చేసెనో మేము అడుగలేదు. ఇచ్చినదానిని గూర్చి లెక్క అడుగుట ఇచ్చుట కాదు.

ఇప్పుడు మా బీరువాలో కెట్లీలు 10. రిజిస్టరులో పుటలు 11. రెండింటిలో ఏది మా సేకరణ యని ఎవరైన అడిగినచో, రిజిస్టరును చూపుదుము.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు మనము ఉన్నచోటనే యుండి మైనారిటీలమైతిమి. ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. నాటినుండి ఒడియా సోదరులతో కలిసి సుఖముగానే జీవించుచున్నాము. వారి భాష మన ఇండ్లలోనికి వచ్చినది. మన మాటలు వారి బజారులో తిరుగుచున్నవి. ఇది దుఃఖింపవలసిన విషయము కాదు. అయితే గాజుపూత పూసిన పింగాణిలో ఏది పోసినను కడిగిన వెంటనే పోవును. పూతలేని మట్టిలో పోసినది కొంత నిలుచును. దాని మీద క్రొత్తది పోసినను పాతది పోదు. మన ఇండ్లు ఏ జాతి పాత్రలో మనమే చూచుకొనవలెను.

చదువరులకు మా మనవి చిన్నది. మీ అటకమీద, దేవునిగదిలో, వంటింటి మూలను ఇట్టి ఎఱ్ఱని, ఊదావన్నె చిన్న కెట్లీ యున్నచో పాతసామానువానికి వేయకుడు, సబ్బుతో తోమకుడు. మాకు ఇవ్వనక్కరలేదు. మీ ఇంటనే యుండనిండు. అయితే ఇంట ఎనుబది దాటిన పెద్దవారుండిన, ఈ వారముననే వారి ప్రక్కన కూర్చుండి, ఇది ఎవరు తెచ్చిరి, ఏ ఓడలో, ఏ దారిని, ఇందు ఏమి పోసిరి అని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. పిల్లలకు తెలుగు లిపి రానిచో ఒడియా లిపిలోనైన వ్రాయుడు. ఆపై ఒక్కొక్క అక్షరముగా తెలుగు లిపి నేర్పుడు. వ్రాసిన కాగితమును నాలుగు మడతలుగా పెట్టి కెట్లీలోననే ఉంచి మూత పెట్టుడు. మూత బిగువైనదని ముందే చెప్పితిమి గదా.